ఎర్రమట్టి గ్రో బ్యాగుల్లో పెర్లైట్, వర్మిక్యులైట్: ఏది, ఎంత కలపాలి?

నల్లగొండ మిద్దె:
మిద్దె మీద 12×12 అంగుళాల గ్రో బ్యాగులు 20 ఉన్నాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు చెరిసగం కలిపి నింపినవి. వాన పడితే పైన నీళ్లు నిలుస్తున్నాయి. రెండు రోజులు ఎండితే మట్టి గట్టిపడి అంచుల వెంట పగులుతోంది. అప్పుడు పోసిన నీళ్లన్నీ ఆ పగుళ్లలో నుంచి కిందికి జారిపోతున్నాయి, మధ్యలో తడి అందట్లేదు. ఇందులో టమాట, వంకాయ, మిర్చి పెట్టాలి. 10 శాతం పెర్లైట్ కలిపితే సరిపోతుందా? వర్మిక్యులైట్ కూడా కావాలా, రెండూ ఒకే పని చేస్తాయా? నారు కూడా ఇదే మట్టిలో పోయొచ్చా? నీళ్లు బోరువే, బ్యాగుల అంచులకు తెల్లటి పొర కడుతోంది.

పాలమూరు ఎర్రచల్క:
రెండూ ఒకే పని చెయ్యవు అన్నా. పెర్లైట్ అగ్నిపర్వతాల గాజురాయి. దాన్ని 850–900 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి తేమ ఆవిరై రాయి పేలాల్లా ఉబ్బుతుంది. గింజ గట్టిగా ఉంటుంది, కుళ్లదు. గింజల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. నీళ్లు పైపైన కొంచెం పట్టుకుంటుంది, ఎరువును మాత్రం దాదాపు పట్టుకోదు. వర్మిక్యులైట్ అభ్రకం జాతి ఖనిజం. కాల్చితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆ పొరల మధ్య నీళ్లతో పాటు పొటాష్, మెగ్నీషియం, అమ్మోనియం నిలుస్తాయి. గాలి కావాలంటే పెర్లైట్, తడి నిలవాలంటే వర్మిక్యులైట్ అని గుర్తుపెట్టుకోండి.

మీ బ్యాగులకు 10 శాతం పెర్లైట్ దండగ. ఎర్రమట్టిలోని సన్నటి బంకరేణువులు పెర్లైట్ గింజల చుట్టూ నిండుకుంటాయి. గింజకు గింజ తగిలి వాటి మధ్య ఖాళీ మిగిలితేనే నీళ్లు దిగుతాయి, అక్కడక్కడా పడిన నాలుగు గింజలతో దారి ఏర్పడదు. పెర్లైట్ ఎంత కలపాలా అని లెక్కపెట్టేకన్నా మట్టిని ఎంత తగ్గించాలా అని చూడండి. 12×12 బ్యాగును పైన రెండు అంగుళాలు వదిలి నింపితే దాదాపు 18 లీటర్లు పడుతుంది. ఒక్క బ్యాగుకు:

తడిపి పొడిచేసిన కోకోపీట్ 6 లీటర్లు
జల్లెడ పట్టిన ఎర్రమట్టి 4 లీటర్లు
వర్మికంపోస్ట్ లేదా బాగా చివికిన పశువుల ఎరువు 4 లీటర్లు
పెర్లైట్ (3–6 మి.మీ. గింజ) 4 లీటర్లు
వర్మిక్యులైట్ 2 లీటర్లు
వేపపిండి 100 గ్రాములు

కలిపితే 20 లీటర్లు కావాలి కానీ, సన్నవి పెద్దవాటి సందుల్లోకి దూరడం వల్ల 17–18 లీటర్లకు తగ్గుతుంది. అందుకే పై కొలతలోనే పదో వంతు ఎక్కువ వేశాను. బరువు కూడా తగ్గుతుంది. పూర్తిగా తడిసిన ఎర్రమట్టితో ఈ బ్యాగు 30 కిలోల దగ్గర తూగుతుంది, ఈ మిశ్రమంతో దాదాపు సగమే. 20 బ్యాగులంటే స్లాబుకు అది చిన్న తేడా కాదు.

కలిపేటప్పుడు రెండు జాగ్రత్తలు. పెర్లైట్ సంచి మూతి కొంచెమే విప్పి లోపల నీళ్లు చల్లి, ఆ తర్వాతే గుమ్మరించండి. దాని దుమ్ము గొంతుకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. వర్మిక్యులైట్‌ను చివర్లో వేసి చేత్తో పైపైన కలపండి. తడిగా ఉన్నప్పుడు పిసికినా, బ్యాగులో అదిమినా పొరలు అతుక్కుపోతాయి, మళ్లీ విచ్చుకోవు. అలా అయిన వర్మిక్యులైట్ బంకమట్టితో సమానం.

నారుమడి:
నారు ఇదే మట్టిలో పొయ్యకండి. ప్రోట్రే (నారు పోసే గుంతల ప్లాస్టిక్ ట్రే) గుంత లోతు రెండు అంగుళాల లోపే. ఏ పాత్రలోనైనా అడుగున కొంత ఎత్తు వరకు నీళ్లు దిగకుండా నిలిచిపోతాయి. ఆ ఎత్తు మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, పాత్ర లోతును బట్టి మారదు. పెద్ద బ్యాగులో అడుగు రెండు అంగుళాలు తడిగా ఉంటే ఇబ్బంది లేదు, చిన్న గుంతలో అంతా బురదే. నారుకుళ్లు తగిలేది అక్కడే. మొలక మెడ దగ్గర నీళ్లు పట్టినట్టు మెత్తబడి వాలిపోతుంది.

నారుకు కోకోపీట్ 3 పాళ్లు, వర్మిక్యులైట్ 1, పెర్లైట్ 1. అన్నీ లీటరు కొలతే, కిలోల లెక్క కాదు. 98 గుంతల ట్రేకు మూడు లీటర్ల మిశ్రమం చాలు. విత్తనం అర సెంటీమీటరు లోతున వేసి, పైన సన్న వర్మిక్యులైట్ పలుచగా కప్పండి. పైపొర గట్టిపడదు, మొలక సులువుగా పైకొస్తుంది. ఇందులో ఎరువు లేదు కాబట్టి మొదటి అసలు ఆకులు విచ్చుకున్నాక 19:19:19 (నీళ్లలో కరిగే ఎన్‌పీకే ఎరువు) లీటరు నీటికి 1 గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వండి. టమాట, వంగ 25–30 రోజులకు నాటుకోవచ్చు, మిర్చికి ఇంకో వారం పది రోజులు ఆగాలి. బెండ, బీర, సొర ట్రేలో పెట్టకుండా నేరుగా బ్యాగులోనే విత్తండి.

నల్లగొండ మిద్దె:
ఇద్దరికీ థాంక్స్. అడుగున కంకర పొర వేస్తే నీళ్లు త్వరగా దిగుతాయని నర్సరీలో చెప్పారు. వెయ్యాలా? పెర్లైట్ ధర ఎక్కువగా ఉంది, బదులుగా ఇసుక వాడొచ్చా?

పాలమూరు ఎర్రచల్క:
కంకర వద్దు. పైనున్న సన్నటి మట్టి నుంచి కింద పెద్ద సందులున్న కంకరలోకి నీళ్లు అంత తేలిగ్గా దిగవు, మట్టి పూర్తిగా నానాకే దిగుతాయి. నారుమడి గారు చెప్పిన ఆ తడి పొర కంకర పైకి జరుగుతుంది, వేర్లకు మిగిలే చోటు తగ్గుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద దోమతెర ముక్క చాలు. ఇసుక సన్నదైతే మట్టి సందులు పూడ్చేస్తుంది, ఎర్రమట్టితో కలిసి ఇటుకలా అవుతుంది. ముతక ఇసుక పనిచేస్తుంది కానీ చాలా కావాలి, బరువు మోపెడు.

మిశ్రమం సరిపోయిందా లేదా చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. కుండీ రంధ్రాలకు టేపు అంటించి 5 లీటర్ల మిశ్రమం నింపండి. పైన నీళ్లు మెరిసేదాకా మెల్లగా పోసి అరగంట ఆగండి, తగ్గితే మళ్లీ పొయ్యండి. తర్వాత బకెట్ మీద పెట్టి టేపు తియ్యండి. అరగంటలో కారిన నీళ్లు కొలవండి. 750 మి.లీ. వస్తే మిశ్రమంలో గాలి చోటు 15 శాతం ఉన్నట్టు. కూరగాయలకు 10–20 మధ్య ఉండాలి. 10 లోపు వస్తే పెర్లైట్ పెంచండి. 20 దాటితే మే నెలలో రోజుకు రెండుసార్లు నీళ్లు పెట్టాల్సి వస్తుంది, అప్పుడు వర్మిక్యులైట్ ఒక లీటరు పెంచి, పైన రెండు అంగుళాలు వరిగడ్డి గానీ పల్లీ పొట్టు గానీ పరవండి.

మిర్యాలగూడ ఊక:
ఖర్చు తగ్గాలంటే పెర్లైట్‌లో సగానికి బదులు కాల్చిన వరి ఊక వాడండి. ఇక్కడ రైస్ మిల్లుల్లో ఊకకు కొరత లేదు. అయితే నల్లగా బొగ్గైన ఊక వేరు, మిల్లు బాయిలర్ నుంచి వచ్చే తెల్లబూడిద వేరు. బూడిద బాగా క్షారం, సన్నటి పొడి, అది కలిపితే సందులు పూడుకుంటాయి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. ఊకను కుప్ప పోసి నెమ్మదిగా కాలనిచ్చి, నల్లబడగానే బూడిద కాకముందే నీళ్లు చల్లి ఆర్పాలి. వాడేముందు ఒకసారి కడగండి. మీకు బోరు నీళ్లు కాబట్టి మొత్తంలో 10 శాతం దాటనివ్వకండి.

నారుమడి:
బోరు నీళ్ల సంగతి అందరూ దాటేస్తున్నారు, మీ దగ్గర అసలు చిక్కు అదే. ఆ తెల్లపొర బోరు నీళ్లలోని సున్నం, ఉప్పులు. ఎర్రమట్టి ఎక్కువ ఉంటే పీహెచ్ ఒక్కసారిగా మారకుండా కొంత ఆపుతుంది, మట్టి తగ్గించిన మిశ్రమం అంతగా ఆపలేదు. పీహెచ్ పైకి పోతే లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము అందకపోవడం, యూరియా వేసినా తగ్గదు. లీటరు నీటికి ఫెర్రస్ సల్ఫేట్ 5 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చెయ్యండి, పది రోజులకు ఇంకోసారి. వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి, నెలకోసారి ఒక్కో బ్యాగుకు దాని పరిమాణమంత, అంటే 18 లీటర్లు మెల్లగా పోసి అడుగు నుంచి కారనివ్వండి, పేరుకున్న ఉప్పు దిగిపోతుంది. కోకోపీట్ కూడా వాననీళ్లతోనో నల్లా నీళ్లతోనో రెండుసార్లు కడగాలి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే కడగనట్టే.

ఇంకొకటి, నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు పోస్తే డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకు కొనలు గోధుమరంగుకు మాడతాయి. పెర్లైట్‌లో కూడా కొద్దిగా ఫ్లోరైడ్ ఉంటుంది, అలాంటి అలంకార మొక్కలకు వాడేముందు దాన్ని నీళ్లలో కడిగి వంపెయ్యండి. వాటికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వెయ్యకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గిన కొద్దీ గాఢత పెరుగుతుంది. టమాట, మిర్చిలో ఈ కొనలు మాడడం మామూలుగా కనిపించదు.

నల్లగొండ మిద్దె:
వర్మిక్యులైట్‌లో ఆస్బెస్టాస్ ఉంటుందని విన్నాను, నిజమేనా?

పాలమూరు ఎర్రచల్క:
అమెరికాలో మోంటానా రాష్ట్రం లిబ్బీ గని ఖనిజంలో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది, ఆ గని 1990లో మూతపడింది. వర్మిక్యులైట్ ఖనిజమంతా అలాంటిది కాదు. తోటపనికని అమ్మేదే కొనండి, భవనాల వేడి తట్టుకోవడానికి వాడే రకంలో నీళ్లు అంటకుండా పూత ఉండొచ్చు, అది మట్టిలో పనికిరాదు. కొనేటప్పుడు గుప్పెడు వర్మిక్యులైట్‌ను నీళ్లలో వేసి చూడండి, తోటపని రకం కాసేపటికి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. విచ్చుకోని ముడి పలుకులూ కొందరు అమ్ముతారు, అవి బరువుగా, పలుచటి రేకుల్లా ఉంటాయి. పెర్లైట్, వర్మిక్యులైట్ రెండింటినీ లీటర్ల లెక్కన కొనండి, తేమ పట్టిన సంచిని కిలోల్లో కొంటే నీళ్లకు డబ్బులు పెట్టినట్టే. పంట అయ్యాక మిశ్రమం పారెయ్యకండి. ఆరబెట్టి జల్లెడ పడితే పెర్లైట్ చాలావరకు తిరిగి వస్తుంది. వర్మిక్యులైట్, కంపోస్ట్ మాత్రం కొత్తవి వేసుకోవాలి.