డాష్‌బోర్డ్ అంతా గ్రీన్, ప్రాజెక్ట్ మాత్రం లేటు. అసలు ఏ అంకెలు పెట్టాలి?

గడువుగండం: మా పైవాళ్లకి ప్రతి సోమవారం ప్రాజెక్ట్ పరిస్థితి ఒకే పేజీలో కావాలి. ఇప్పుడున్న డాష్‌బోర్డ్ నిండా అంకెలే, ఎవరూ చూడరు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? రిస్క్ ఎలా చూపించాలి? ఎక్సెల్ సరిపోతుందా, పవర్ బీఐకి (మైక్రోసాఫ్ట్ వాళ్ల డాష్‌బోర్డ్ టూల్) వెళ్లాలా?

పచ్చదీపం: టూల్ సంగతి తర్వాత, ముందు రంగు ఎవరు వేస్తున్నారో చూడండి. మా దగ్గర టీమ్ లీడ్ రెడ్ పెడితే మేనేజర్ ఆంబర్ (జాగ్రత్త అని చెప్పే నారింజ పసుపు) చేసేవాడు, డైరెక్టర్ దగ్గరికి వెళ్లేసరికి గ్రీన్. పుచ్చకాయ రిపోర్ట్ అనేది దీన్నే, పైన పచ్చ, లోపల ఎరుపు. చివరికి తిట్లు పడింది రెడ్ పెట్టినవాళ్లకే, ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఖర్చు ప్లాన్ కంటే 10 శాతం దాటితే ఆంబర్ అని ముందే రాసుకుంటే అంతే, తర్వాత బతిమాలడాలు ఉండకూడదు.

లెక్కలమనిషి: ఇంత గొడవ ఎందుకండీ, ఎర్న్‌డ్ వాల్యూ పెట్టండి, అంటే అయిన పని విలువని ప్లాన్‌తో, ఖర్చుతో పోల్చడం. 1967లోనే అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్లకి ప్రమాణంగా పెట్టిన పద్ధతి. ఖర్చుకి సీపీఐ (అయిన పని విలువని అయిన ఖర్చుతో భాగిస్తే వచ్చేది), షెడ్యూల్‌కి ఎస్‌పీఐ (దాన్నే ఈపాటికి ప్లాన్ ప్రకారం కావాల్సిన పని విలువతో భాగిస్తే వచ్చేది), 1 కంటే తగ్గితే వెనకబడ్డట్టే. ఏళ్లుగా పీఎంఓ (కంపెనీలో ప్రాజెక్టులన్నిటినీ చూసే ఆఫీసు) నడుపుతున్నా, ఈ రెండూ చాలు.

నడిమిగట్టు: ఎస్‌పీఐ చాలదు సార్. ప్రాజెక్ట్ ఎంత లేటుగా ముగిసినా చివర్లో అది 1కి వచ్చి తీరుతుంది.

లెక్కలమనిషి: చివర్లో దాన్ని ఎవరు చూస్తారు? మొదటి సగంలో బాగానే పట్టిస్తుంది.

నడిమిగట్టు: నిజం కావాల్సింది చివర్లోనే కదా! ప్లాన్ 10 నెలలు, నెలకి సమానంగా మొత్తం పని విలువ 100 అనుకోండి. 10వ నెలకి 80 అయితే ఎస్‌పీఐ 0.8. 12వ నెలకి 95 అయింది, ప్లాన్ విలువేమో 100 దగ్గరే ఆగింది, కాబట్టి 0.95. గడువు దాటి రెండు నెలలైనా అంకె మెరుగవుతోంది! వాల్ట్ లిప్కీ 2003లో ఎర్న్‌డ్ షెడ్యూల్ తెచ్చింది అందుకే. 95 పని ప్లాన్‌లో 9.5 నెలలకి అవ్వాలి, దాన్ని 12తో భాగిస్తే 0.79. అసలు పరిస్థితి అదీ.

లెక్కలమనిషి: నాకు ఎర్న్‌డ్ షెడ్యూల్ నేర్పక్కర్లేదు. పని ఎంత అయిందన్న అంకెనే టీమ్ ఊహించి చెప్తుంటే ఏ సూత్రం వాడినా ఒకటే.

బ్యాక్‌లాగ్: ఎందుకు ఊహించి చెప్తారో కూడా అడగండి. మా మీద వెలాసిటీ (ఒక్కో విడతలో ఎన్ని పాయింట్ల పని ముగించామన్న లెక్క, ఏ పనికి ఎన్ని పాయింట్లో మేమే అంచనా వేస్తాం) టార్గెట్ పెట్టారు. మూడు పాయింట్ల పని ఐదు పాయింట్లయింది, చార్ట్ పైకి లేచింది, కస్టమర్‌కి చేరింది మాత్రం మునుపటంతే. 1975లో బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి చెప్పింది ఇదే, ఒక అంకెని పట్టుకుని అదుపు చేయాలని చూస్తే అది పనికిరాకుండా పోతుంది. కొలవండి, కాదనను, మా ఇంక్రిమెంట్‌కి మాత్రం ముడిపెట్టకండి.

పచ్చదీపం: ఇంక్రిమెంట్ల గొడవ వేరేచోట పెట్టుకోండి.

బ్యాక్‌లాగ్: వేరే గొడవ ఎలా అవుతుంది? తప్పుడు అంకె పుట్టేదే అక్కడ!

ముందుజాగ్రత్త: ఆయన రిస్క్ గురించి అడిగారు, ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. రిస్క్ జరిగే అవకాశానికి, దాని ప్రభావానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసి గుణించే 5×5 మ్యాట్రిక్స్‌లో అవకాశం 1, ప్రభావం 5 అయితే స్కోర్ 5. అవకాశం 5, ప్రభావం 1 అయినా 5. ఒకటి ప్రాజెక్ట్‌నే ముంచేది, ఇంకొకటి రోజూ ఉండే చికాకు, రెండింటికీ ఒకే స్కోర్. గుణించి ఒక్క అంకె చూపించకండి. ప్రతి రిస్క్‌కి బాధ్యుడి పేరు, ఏది జరిగితే కదలాలి, చివరిసారి ఎప్పుడు చూశారు, ఇవి రాయండి. మా రిస్కుల రిజిస్టర్‌లో వెండర్ ఆలస్యం మొదటి నుంచీ ఉంది, ఎవరూ తెరవలేదు, మునిగింది దానివల్లే. వెండర్ మధ్యలో ఇవ్వాల్సినవి ఎన్ని జారాయో వారంవారం చూపించి ఉంటే ముందే తెలిసేది.

గడువుగండం: థాంక్సండీ, హద్దులు ముందే రాయడం, రిస్క్ పక్కన పేరు పెట్టడం ఈ వారమే మొదలుపెడతా. మరి ఎక్సెలా, పవర్ బీఐయా?

నడిమిగట్టు: ఎక్సెల్ చాలు. ఎర్న్‌డ్ షెడ్యూల్‌కి ఒక కాలమ్ కలపండి.

లెక్కలమనిషి: ముందు ఒక్కో పనికి సున్నా లేదా నూరు శాతమే వేయమనండి, పూర్తయితేనే నూరు. ఆ తర్వాత కలుపుకోండి.