పనిముట్ల పెట్టెకు మంచి ప్లయర్లు, లాకింగ్ క్లాంపులు: ఏవి కొనాలి, ఎలా చూసి కొనాలి?

కరకంబాడి రోడ్డు నివాసి:
తిరుపతిలో సొంత ఇంట్లోకి మారాము. ఇంటి చిన్న మరమ్మతులకూ, పెరటి బోరు మోటారుకూ, పిల్లల సైకిళ్లకూ పనికివచ్చే పనిముట్ల పెట్టె ఒకటి సిద్ధం చేసుకోవాలని ఉంది. కటింగ్ ప్లయర్ 6 అంగుళాలది మేలా, 8 అంగుళాలది మేలా? నొక్కితే తాళం పడి పట్టు నిలిచిపోయే లాకింగ్ ప్లయర్ ఇంటికి అవసరమా? వస్తువును కదలకుండా బిగించి పట్టే సీ ఆకారపు క్లాంపులు ఎన్ని కావాలి? అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే సెట్లు కొనవచ్చా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

చిత్తూరు వైర్‌మన్:
సెట్టు జోలికి వెళ్లకండి. అందులో నాలుగు వస్తువులు పనికివస్తే మిగిలినవి పెట్టె నింపడానికే ఉంటాయి. నాసిక్ కంపెనీ తపారియా 8 అంగుళాల కటింగ్ ప్లయర్ ఒకటి తీసుకోండి, చాలు. నా పని అంతా దానితోనే సాగుతుంది. పిడికి మందపాటి తొడుగు ఉంటుంది కనుక మెయిన్ ఆపకుండానే మీటరు దగ్గర తీగలు బిగిస్తాను. చేతి పట్టు తెలిసినవాడికి భయం అక్కరలేదు.

రేణిగుంట విశ్రాంత ఫిట్టర్:
పై సలహాలోని చివరి మాటను ఎవరూ పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. రైల్వేలో ఫిట్టరుగా చేరి, చివరికి పనిముట్ల తనిఖీ బాధ్యత చూసి విరమించినవాడిని. మామూలు ప్లయర్ పిడికి ఉండే ప్లాస్టిక్ తొడుగు చెయ్యి జారకుండా ఉండటానికే గాని కరెంటు నుంచి కాపాడటానికి కాదు. కరెంటు పనికి తయారైన ప్లయర్ మీద రెండు త్రిభుజాల గుర్తు, దాని పక్కన 1000 వోల్టులు అన్న అచ్చు ఉంటాయి. ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అటువంటి ప్రతి పనిముట్టునూ 10,000 వోల్టుల దగ్గర పరీక్షించిన తరువాతే బయటికి పంపుతారు. ఆ గుర్తు లేనిదాన్ని పట్టుకుని 230 వోల్టుల తీగ మీద పనిచేయడం ధైర్యం కాదు.

చిత్తూరు వైర్‌మన్:
ఫిట్టరు గారూ, మీ వర్క్‌షాపులో పనిముట్లు స్టోరు నుంచి వచ్చేవి, మేము సొంత డబ్బుతో కొనుక్కోవాలి. రెండు త్రిభుజాల ప్లయర్ ధర ఎంతో చూశారా? వానలో స్తంభం దగ్గర నిలబడినవాడికి ప్రమాణాల పుస్తకం చదివే తీరిక ఉండదు. ఇంతకాలంగా నాకు ఏమీ కాలేదు.

రేణిగుంట విశ్రాంత ఫిట్టర్:
ఇంతవరకు ఏమీ కాలేదన్నది రుజువు కాదు నాయనా. తొడుగు మీద సన్నని చీలిక వచ్చినా, లోపలికి చెమట దిగినా, అది ఉన్నా లేనట్టే. స్తోమత లేకపోతే మెయిన్ ఆపండి, టెస్టరుతో చూసుకున్న తరువాతే తీగ ముట్టుకోండి. దానికి ఖర్చేమీ లేదు. ఇంటి పనులకు అడిగినవారికి మీరు ఇటువంటి సలహా ఇవ్వడమే నాకు కోపం తెప్పించింది.

నగరి మరమగ్గాల మరమ్మతు:
పెద్దలిద్దరూ కరెంటు దగ్గరే ఆగిపోయారు, అడిగినది పరిమాణం గురించి. నేను మగ్గాలు బాగుచేసే స్త్రీని, చెయ్యి చిన్నది. 8 అంగుళాల ప్లయర్ పూర్తిగా తెరిచినప్పుడు రెండు పిడులనూ నా వేళ్లు అందుకోలేవు, అందుకోలేనప్పుడు బలం ఎక్కడి నుంచి వస్తుంది? అందరూ 8 అంగుళాలదే గొప్పదంటారు గాని, ఇంట్లో దానిని వాడేవారి చెయ్యి ఎంత ఉందో ఎవరూ అడగరు. 6 అంగుళాల కటింగ్ ప్లయర్, దానికి తోడు పొడవు ముక్కు నోస్ ప్లయర్ ఉంటే నాకు చాలా పనులు గడుస్తాయి. నోస్ ప్లయర్ కొనేటప్పుడు దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కొసలు సరిగ్గా కలవాలి. కొస దగ్గర వెలుగు కనిపిస్తే అది సన్నని తీగను పట్టలేదు. వెనుక భాగంలో కొద్దిగా కనిపిస్తే దాన్ని దోషంగా చూడనవసరం లేదు.

తిలక్ రోడ్డు కొనుగోలుదారు:
ఆమె చెప్పిన వెలుతురు పరీక్షను నేను కూడా చేస్తాను. దానితో పాటు సన్నని రాగి తీగ పోగు ఒకటి జేబులో పెట్టుకుని దుకాణానికి వెళతాను. కత్తెర అంచు మొదట్లో, నడుమ, చివర, మూడు చోట్లా ఆ పోగు తెగాలి. ఎక్కడైనా నలిగి వంగితే వెనక్కి ఇచ్చేస్తాను. కీలు సులువుగా తెరుచుకోవాలి, అయితే పక్కకు ఊగకూడదు. ఇంకొక మాట: పేరులో ఒక అక్షరం మార్చిన నకిలీలను ఒక దుకాణంలో నాకు అసలు ధరకే చూపించారు. పేరు కంటికి ఆనితే చాలదు, అక్షరం అక్షరం చదవాలి.

పలమనేరు బోరు మెకానిక్:
లాకింగ్ ప్లయర్ గురించి అడిగారు, దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. బోరు మోటారు ఉన్న ఇంట్లో అది తప్పకుండా ఉండాలి. తుప్పు పట్టి మూలలు అరిగిన బోల్టుకు స్పానరు జారిపోతుంది. అప్పుడు వంపు దవడల 10 అంగుళాల లాకింగ్ ప్లయర్‌కే అది లొంగుతుంది. పిడి చివరి మరను తిప్పి దవడల ఎడాన్ని కొలతకు తెచ్చుకుని పిడి నొక్కితే, లోపలి కడ్డీలు ఒకే సరళరేఖలోకి వచ్చి, దాన్ని కొద్దిగా దాటి అవతలికి వెళ్లి అక్కడే నిలిచిపోతాయి. మనం చెయ్యి వదిలినా పట్టు వదలదు. అయితే దానిని నమ్మి బోరు పైపును మాత్రం పట్టుకోకూడదు. మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటుతాయి, పైపుల బరువంతా ఆ పళ్ల మీద పడితే అవి జారతాయి. పైపును ఆపడానికి బోరు క్లాంపే కావాలి. కూలి మిగులుతుందని ఒకరు ఇలా చేస్తే మోటారు, పైపులు అన్నీ బోరులో పడిపోయాయి.

రేణిగుంట విశ్రాంత ఫిట్టర్:
మెకానిక్ గారి మాట నిజం. ఆ పనిముట్టు పుట్టుకా చెప్పుకోదగినదే. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లి నెబ్రాస్కా రాష్ట్రంలోని డివిట్ అనే చిన్న ఊళ్లో స్థిరపడిన విలియం పీటర్సన్ అనే కమ్మరి దానిని కనిపెట్టాడు, తాళం పడే మీటకు 1924లో పేటెంటు వచ్చింది. ఆ ఊరి కర్మాగారం 2008లో మూతపడి, తయారీ చైనాకు తరలింది. అందుకని పెట్టె మీద వైస్ గ్రిప్ అన్న ఆ పాత కంపెనీ పేరును చూసి పాత నాణ్యత అదే అనుకోకండి, దవడల పళ్లు, మర, స్ప్రింగు చేతిలోకి తీసుకుని చూడండి. మంచి బోల్టు మీద దానిని వాడవద్దు, పళ్లు మూలలను తినేస్తాయి.

చిత్తూరు వైర్‌మన్:
నెబ్రాస్కా సంగతి మాకెందుకు? అడిగిన వారు తిరుపతి నుంచి అడిగారు.

రేణిగుంట విశ్రాంత ఫిట్టర్:
తయారీ ఎక్కడ మారిందో తెలిస్తే, పేరుకు మాత్రమే ఎక్కువ డబ్బు పెట్టవలసిన పని ఉండదు. అందుకే చెప్పాను.

గాజులమండ్యం వెల్డింగ్ షాపు:
క్లాంపుల సంగతి నాకు వదలండి. ఇంటికి 4 అంగుళాల సీ క్లాంపులు రెండు చాలు, ఒక్కటి ఉంటే పలక తిరిగిపోతుంది, రెండు ఉంటే నిలుస్తుంది. కొనేముందు మరను చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా పట్టేయకూడదు, చివరి గుండ్రటి పాదం స్వేచ్ఛగా తిరగాలి. గేటు పనికి, రేకుల పనికి మేము లాకింగ్ సీ క్లాంపులు వాడతాము, ఒక్క చేత్తో వేసి తీయవచ్చు. వెల్డింగు నిప్పురవ్వలు మర మీద పడి గట్టిపడితే క్లాంపు పనికిరాకుండా పోతుంది, కనుక పని మొదలుపెట్టే ముందు మరను కాపాడుకోవాలి. అందుకని దాని చుట్టూ పాత గుడ్డ మాత్రం చుట్టకండి, గుడ్డకు నిప్పు అంటుకుంటుంది. రేకు ముక్క ఒకటి అడ్డం పెట్టండి.

కరకంబాడి రోడ్డు నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో పనిముట్లు ఎక్కువగా వాడేది నా భార్య, కనుక నగరి అమ్మగారి మాట ప్రకారం 6 అంగుళాల కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్ కొంటాము. స్విచ్చు బోర్డు పనికి రెండు త్రిభుజాలది విడిగా ఒకటి ఉంచుతాము. మెకానిక్ గారూ, మోటారు స్టార్టరు పెట్టె బోల్టులకు తుప్పు పట్టింది. ముందు నూనె వేసి ఎంతసేపు ఆగాలి?

పలమనేరు బోరు మెకానిక్:
మెయిన్ ఆపి, సాయంత్రం నూనె వేసి ఉదయం దాకా వదిలేయండి. ఉదయం మొదట బిగించే వైపుకు కొద్దిగా తిప్పి, తుప్పు విడిన తరువాత విప్పే వైపుకు తిప్పండి.