రెండేండ్ల బాబు సంక దిగుతలేడు, నాకేమో 7వ నెల

మాది దేవరకొండ దగ్గర. బాబు పొద్దుందాక ఎత్తుకో ఎత్తుకో అని ఏడుస్తడు, ఎత్తుకుంటే నడుము పోతుంది, దించితే కిందపడి దొర్లుతడు, మా ఆయన డ్యూటీకి పోతే రాత్రికే వచ్చుడు. వాన్ని చూస్తే పాపమనిపిస్తది, ఏం చేయాలె అక్కా?

జవాబు: నాకూ గట్లనే అయింది చెల్లె. నిలబడి ఎత్తుకోకు, మంచం మీద కూసొని వాన్నే ఎక్కి పక్కకు రమ్మను, దగ్గరికి తీసుకొని ముచ్చట పెట్టు. బిందెలు కూడా లేపకు.

జవాబు: అంగన్‌వాడీకి తోల్కపో, ఆరోగ్యలక్ష్మి పథకం కింద నీకు అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తరు, వాడు పిల్లలతోని ఆడుకుంటడు. నడుము నొప్పి వచ్చిపోతూ కడుపు గట్టిపడుతుంటే మాత్రం ఆగకు, దవాఖానకు పో.

జవాబు: ఇప్పటిసంది రాత్రి నాయన పక్కన పండుడు అలవాటు చెయ్యి. మేం చెయ్యలే, రెండో డెలివరీ అప్పుడు మా పెద్దపాప మూడు రాత్రులు నిద్రపోలే, దవాఖానల నాకు పాణం ఆగలే.