రెండు బెజ్జాల మధ్య 74 మి.మీ.: ఈ ఫైలు ఎక్కడిది, ఏ కాలంది?

కాగితంపురుగు
ఒక సహకార సంఘం పాత రికార్డు సర్దుతున్నాం. 1961 నుంచి 1964 దాకా తేదీలున్న 140 అరఠావులు ఒకే ఫైల్లో ఉన్నాయి. గట్టి అట్ట, పైన నలుపు తెలుపు మార్బుల్ కాగితం, వీపున వేలు దూర్చి లాగడానికి ఇనుప అంచున్న బెజ్జం. లోపల రేకు మీద నిలువుగా రెండు కడ్డీలు, వాటి మీదికి వంగే రెండు కమ్మీలు, ఎత్తితే తెరుచుకునే మీట. తయారుచేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. కాగితం 8½ × 13½ అంగుళాలు. కాగితంలో బెజ్జాల మధ్య దూరం 74 మి.మీ. ఇదేం ఫైలు? కాగితాల కాలం నాటిదేనా?

హెడ్‌గుమాస్తా
బాక్స్ ఫైలు. అమెరికా సరుకు. వాళ్ళు ఫైళ్ళలో కాగితం పై అంచున కొట్టే రెండు బెజ్జాలకు దూరం 2¾ అంగుళాలు, అంటే 70 మి.మీ. మన పంచింగ్ మెషీన్లన్నీ 80. మీ 74 దేనికి దగ్గర? కాగితం కూడా 14 అంగుళాల లీగల్ సైజే అయుంటుంది, అర అంగుళం కోసేశారు.

దబ్బనం
బాక్స్ ఫైలు కాదండీ, లివర్ ఆర్చ్ ఫైలు. అసలు బాక్స్ ఫైలంటే మూతున్న పెట్టె. దానికి కాగితాలకు బెజ్జమే అక్కర్లేదు, లోపల స్ప్రింగు క్లిప్పు అదిమి పట్టుకుంటుంది. షాపుల్లో రెండిటినీ బాక్స్ ఫైలనే అమ్ముతారు, అందుకే ఈ గందరగోళం. మీట 1896లో జర్మనీలో లైట్జ్ కంపెనీ తెచ్చింది, వీపున వేలు బెజ్జం 1911లో వచ్చింది. అంటే ఫైలు 1911కు ముందుది కాదని మాత్రమే చెప్పగలం.

8½ × 13½ అచ్చమైన ఫుల్‌స్కేప్ (పాత బ్రిటిష్ కాగితం సైజు) అరఠావు. కోయాల్సిన పని లేదు. ఇంతకీ ఆ 74 ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారు?

కాగితంపురుగు
ఒక బెజ్జం లోపలి అంచు నుంచి రెండోదాని లోపలి అంచుకు.

దబ్బనం
అదీ సంగతి. దూరం చెప్పేది నడిమి నుంచి నడిమికి. బెజ్జం వెడల్పు 6 మి.మీ. అయితే ఇటు 3, అటు 3 కలపాలి. 74కు 6 కలిపితే 80. మన 80 కొలతే. అమెరికా 70 అయితే, వాళ్ళ బెజ్జం సుమారు 7 కాబట్టి, లోపలి అంచుల మధ్య 63 రావాలి.

హెడ్‌గుమాస్తా
కొలిచినాయన 74 అన్నాడు. 70కి తేడా 4, 80కి తేడా 6. పైగా అరవై ఏళ్ళ కాగితం వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. మిల్లీమీటర్లు పట్టుకుని దేశం చెప్పేస్తారా?

దబ్బనం
మిల్లీమీటర్లతో దేశం మొదట చెప్పింది మీరే కదండీ. కాగితం ముడుచుకుంటే మొత్తం ముడుచుకోవాలి. ఇక్కడ పొడవు నేటికీ 13½ అంగుళాలే ఉంది. ముడుచుకోవడం బెజ్జాల మధ్యే జరిగిందా?

మూడురింగులు
డల్లాస్ నుంచి. ఇక్కడ బైండర్లు మూడు రింగులవి, రింగుకూ రింగుకూ 4¼ అంగుళాలు. ఇండియా నుంచి రెండు బెజ్జాలతో తెచ్చుకున్న సర్టిఫికెట్లు ఏ బైండరులోనూ పట్టవు, మళ్ళీ కొట్టించాల్సి వచ్చింది. కాబట్టి ఇది అమెరికాది కాదు.

హెడ్‌గుమాస్తా
మీరు చెప్పేది పక్క అంచు రింగుల సంగతి. నేను చెప్పింది పై అంచు పంచింగు. చదివి రాయండి బాబూ.

దబ్బనం
కాగితంపురుగు గారూ, దేశం పక్కన పెట్టండి. రెండు విషయాలు చూడండి. కాగితం పై అంచు నుంచి మొదటి బెజ్జం నడిమికి ఎంత? ఎడమ పై మూలన ఇంకో బెజ్జం ఏమైనా ఉందా?

కాగితంపురుగు
పై నుంచి 108, కొన్నింటికి 109. మూల బెజ్జం 131 కాగితాలకు ఉంది, చుట్టూ తుప్పు మరక. 9 కాగితాలకు లేదు. ఇంకోటి, కుడి పై మూలన పెన్సిలు నంబర్లు ఉన్నాయి, కానీ తలకిందులుగా: పైన పెద్ద నంబరు, అడుగున 1.

దబ్బనం
దీంతో చాలా తేలుతుంది.

మూల బెజ్జం ట్యాగుది, అంటే కొసలకు రేకున్న దారం ముక్కది. సర్కారు పద్ధతిలో కాగితాన్ని ఎడమ పై మూలన గుచ్చి ట్యాగు వేస్తారు, పేజీ నంబరు కుడి పై మూలన పెన్సిలుతో వేస్తారు. మరక ట్యాగు కొసల రేకుది. ట్యాగు ఫైల్లో 1వ పేజీ పైన ఉంటుంది, పుస్తకంలాగా. లివర్ ఆర్చ్‌లో కొత్తది పైన పడుతుంది. ట్యాగు విప్పి ఒక్కొక్కటే కడ్డీలకు గుచ్చుతూ పోతే వరుస తిరగబడుతుంది. మీ నంబర్లు చెప్పేది అదే.

ఇక 108. రెండు బెజ్జాలు కాగితం పొడవుకు సరిగ్గా మధ్యన పడాలి. అరఠావు పొడవు 343 మి.మీ., సగం 171.5, అందులో 40 తీస్తే 131.5. మొదటి బెజ్జం అక్కడుండాలి. ఏ4 పొడవు 297, సగం 148.5, 40 తీస్తే 108.5. పంచింగ్ మెషీనుకు పక్కన లాగే గైడు పట్టీ ఉంటుంది, దాని మీద ఏ4 అని గీత ఉంటుంది. ఎవరో దాన్ని ఏ4 దగ్గరే ఉంచి అరఠావులు కొట్టేశారు. అంటే ఆఫీసులో ఏ4 వాడకం వచ్చాకే ఈ కాగితాలు ఈ ఫైల్లోకి ఎక్కాయి. కాగితం 23 మి.మీ. కిందికి జారి ఉంటుంది, కింది అంచులు నలిగాయేమో చూడండి.

హెడ్‌గుమాస్తా
కంటి అంచనాతో కొట్టి ఉండొచ్చు.

దబ్బనం
140 కాగితాలకూ 108, 109 పడితే అది అంచనా కాదు, పట్టీ.

హెడ్‌గుమాస్తా
సరే, పట్టీయే అనుకుందాం. అయితే ఈ ఫైలుకూ కాగితాలకూ సంబంధం లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఇక దాన్ని అట్టిపెట్టడం దేనికి? అట్ట పారేసి, కాగితాలు సబ్జెక్టు వారీగా విడదీసి, కొత్త ఫైళ్ళలో పెట్టండి. రుణాలు ఒకచోట, సభ్యత్వం ఒకచోట, కోర్టు నోటీసులు ఒకచోట. పాత వరుస, పాత వరుస అని కూర్చునేవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడ్డ రైతుకు కాగితం వెతికి ఇవ్వరు. కాగితం దొరకలేదని మెమో వచ్చింది నాకు, మీలాంటి వాళ్ళకు కాదు.

దబ్బనం
ఇదన్నమాట మీ బాధ! 70, 80 అంటూ ఇంతసేపు తిప్పడం దేనికండీ? సబ్జెక్టు వారీగా విడదీస్తే ఏ నోటీసుకు ఏ జవాబు వెళ్ళిందో మళ్ళీ ఎవరూ అతకలేరు. మా దగ్గరికి స్కానింగుకు వచ్చేవన్నీ అలా చీల్చిన కట్టలే.

లెడ్జర్‌తాళం
ఇద్దరూ కాసేపు ఆగండి. వెతకడానికి కావాల్సింది జాబితా. దానికి కాగితం కదపక్కర్లేదు. పేజీ నంబరు, తేదీ, సబ్జెక్టు మూడు గడుల్లో రాస్తే చాలు. బ్యాంకుల్లో విడి ఆకుల లెడ్జర్లకు తాళమూ, ఆకుల లెక్కకు వేరే రిజిస్టరూ పెట్టింది ఇందుకే: ఆకు కదిలితే ఎప్పుడు కదిలిందో తెలియాలి.

కాగితంపురుగు
కింది అంచులు నలిగాయి, నిజమే. మూల బెజ్జం లేని 9 కాగితాలూ 1964వి, పెన్సిలు నంబర్లు కూడా లేవు. అన్నీ పైనే ఉన్నాయి. ఇప్పుడు కడ్డీల నుంచి తీయాలంటే ఎలా? మీట దగ్గర బాగా తుప్పు.

దబ్బనం
ముందు ఇప్పుడున్న వరుసనే 2బి పెన్సిలుతో కింది మూలన సన్నగా రాసుకోండి. మీ నంబరూ పాత నంబరూ కలగలవకుండా చుట్టూ గుండ్రం గీయండి. కాగితాలను అదిమే పట్టీ వదులు చేసి, మీట పూర్తిగా ఎత్తండి. కమ్మీ కొస కడ్డీని ఇంకా అంటుకునే ఉంటే లాగొద్దు, అంచు చిరుగుతుంది. సందులో మందపాటి కాగితం ముక్క దూర్చి కొద్దికొద్దిగా ఎడం చేయండి. ఒకేసారి ఇరవైకి మించి ఎత్తొద్దు. తీసినవాటిని రంగు వేయని నూలు టేపుతో కట్టండి. ఎర్ర టేపు చెమ్మ తగిలితే రంగు దిగుతుంది. నంబరున్న 131 పాత పేజీల వరుసలో పెట్టి మూల బెజ్జంలోంచే వదులుగా ట్యాగు వేయండి, కొసలు ఇనుపవి కాకుండా ప్లాస్టిక్‌వి చూసుకోండి. ఆ 9 వేరే కవర్లో, ఉన్న వరుసలోనే. అవి ఎప్పుడూ ట్యాగులో లేవు, ఇప్పుడు గుచ్చొద్దు.

హెడ్‌గుమాస్తా
జాబితాలో సబ్జెక్టు గడి పెడతానంటే నాకేం అభ్యంతరం లేదు. అట్ట కూడా ఉంచుకోండి. దిగుమతి సరుకు, మార్బుల్ కాగితం బాగుంటుంది.