యూఎస్‌సీకి ట్రాన్స్‌ఫర్: అసిస్ట్‌లో అసలు పేరే లేదు, 26 యూనిట్లు పోతున్నాయి, ఎవరైనా చెప్పండి

కిట్టు_సీఎస్
పొద్దుట్నుంచీ ఇదే పనిమీదున్నా, తల వాచిపోయింది. అసిస్ట్ సైట్‌లో (మన క్లాసులు ఏ యూనివర్సిటీలో దేనికి చెల్లుతాయో చూపించేది) మా కమ్యూనిటీ కాలేజీ పెడితే బర్కిలీ వస్తోంది, శాన్‌హోసే స్టేట్ వస్తోంది, యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా, ప్రైవేటు) మాత్రం ఎంత వెతికినా లేదు. క్యాటలాగ్‌లో నా క్లాసులన్నిటికీ ట్రాన్స్‌ఫరబుల్ అనే ఉంది. జూన్‌కి 90 యూనిట్లు అవుతాయి. యూఎస్‌సీ వాళ్లేమో 64కి మించి తీసుకోమంటున్నారు. అంటే 26 యూనిట్లు గంగలో కలిసినట్టేనా? కంప్యూటర్ సైన్స్‌కి వెళ్దామని. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి ప్లీజ్.

వెంకట్_టి
క్వార్టరా (ఏడాదికి మూడు టర్ములు), సెమిస్టరా (రెండు)? వీసా ఏంటి?

శేషు గారు
నాయనా, అసలు ప్రైవేటు ఎందుకు? కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చదివేవాడికి ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని బంగారంలాంటి దారుంది. యూసీ (ప్రభుత్వ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరిట్లో ఒకదానికి సెప్టెంబరు 1 నుంచి 30 లోపు ట్యాగ్ వేసుకుని, చెప్పిన కోర్సులూ జీపీఏ ఉంటే సీటు ఖాయం. ప్రైవేటులో నీ ఫైలు ఏమవుతుందో ఎవరికీ తెలీదు. మనవాళ్లు పేరు చూసి పరిగెడతారు, అదీ సమస్య.

వెంకట్_టి
అర్వైన్‌లో సీఎస్‌కి ట్యాగ్ లేదు. శాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కాలేజీ మొత్తానికే లేదు, సీఎస్ అందులోనే. అతను అడిగింది అది కాదు.

కిట్టు_సీఎస్
సారీ, క్వార్టర్ సిస్టమే. అందరికీ అదే ఉంటుందనుకున్నా.

పద్మజ_కె
అక్కడే ఉంది మీ 26 యూనిట్ల సంగతంతా. యూఎస్‌సీ చెప్పే 64 సెమిస్టర్ యూనిట్లు. క్వార్టర్ యూనిట్లని మూడో వంతు తగ్గించి చూసుకోవాలి. 90 క్వార్టర్ యూనిట్లంటే 60 సెమిస్టర్ యూనిట్లు. పరిమితిలోపే ఉన్నారు, ఏమీ పోలేదు. డీ ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ కాలేజీల వాళ్లందరికీ ఈ తికమకే.

అసిస్ట్‌లో ఉండేది ప్రధానంగా యూసీ, సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ఒప్పందాలు. యూఎస్‌సీది అందులో ఉండదు, ఎంత వెతికినా దొరకదు. యూఎస్‌సీ తన సైట్‌లోనే కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకి విడివిడిగా ఆర్టిక్యులేషన్ అగ్రిమెంట్ (మీ క్లాసు వాళ్ల ఏ కోర్సుకి సమానమో చూపే జాబితా) పెడుతుంది. మీ కాలేజీ పేరుతో ఉన్నది తీసి, ఒక్కో క్లాసు ఎదురుగా ఏముందో చూడండి. యూఎస్‌సీ కోర్సు నంబరు ఉంటే అది నేరుగా ఆ కోర్సు కిందికి వస్తుంది. లేకపోతే ఎలెక్టివ్ యూనిట్లుగా మాత్రమే రావచ్చు. మీ క్యాటలాగ్‌లో ట్రాన్స్‌ఫరబుల్ అన్నది యూసీ, సీఎస్‌యూలని ఉద్దేశించి రాసిన మాట, దాన్ని పట్టుకుని ఇక్కడ లెక్కేయకండి.

ఇంకోటి, ఇదే ఎక్కువమందికి దెబ్బకొట్టేది. క్వార్టర్ కాల్క్యులస్‌ని మధ్యలో ఆపకండి. 1ఏ, 1బీ (మొదటి రెండు క్వార్టర్లు) చేసి వదిలేస్తే రెండు సెమిస్టర్ల కాల్క్యులస్ అయిపోయినట్టు కాదు, మూడో క్వార్టర్‌లో ఉండే టాపిక్స్ కొన్ని సెమిస్టర్ కాల్క్యులస్ 2లో ఉంటాయి. 5 యూనిట్ల క్వార్టర్ క్లాసు సెమిస్టర్‌లో 3.33 మాత్రమే. సిరీస్ మొత్తం ఒకే కాలేజీలో పూర్తిచేసి రండి. ఫిజిక్స్‌కీ అంతే. మేజర్ క్లాసులు పాస్/నో పాస్‌లో పెట్టకండి, లెటర్ గ్రేడే. సీ మైనస్ కంటే తక్కువొస్తే ఆ క్లాసు యూఎస్‌సీకి రాదు.

శేషు గారు
ఐజెట్సీ (యూసీ, సీఎస్‌యూలకి వెళ్లేవాళ్లు చేసే జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల సెట్టు) పూర్తిచేస్తే జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్‌తో పని లేకుండా అందరూ చేయాల్సిన కోర్సులు) గొడవే ఉండదు కదా, ఇంత వివరం ఎందుకు?

పద్మజ_కె
శేషు గారూ, యూఎస్‌సీ ఐజెట్సీ సర్టిఫికెట్ మొత్తాన్ని తన జీఈ (జనరల్ ఎడ్యుకేషన్) బదులు తీసుకోదు. వాళ్ల జీఈలో ఏ నుంచి ఎఫ్ దాకా విభాగాలు, పైన జీ, హెచ్. ఒక్కో విభాగానికి మీ కాలేజీలోని ఏ క్లాసు సరిపోతుందో అదే అగ్రిమెంట్‌లో ఉంటుంది. పైగా 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకి దాని బదులు కాల్‌జెట్సీ వచ్చింది, ఐజెట్సీ పాతవాళ్లకే. ఒక్క మెలిక ఉంది: బయట చేసే జీఈ క్లాసులు యూఎస్‌సీలో చేరకముందే పూర్తవ్వాలి, చేరాక వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చేసుకుంటానంటే జీఈకి లెక్కకి రావు. పై స్థాయి రైటింగ్ కోర్సు రైట్ 340 మాత్రం అక్కడే చేయాలి.

శేషు గారు
ట్రాన్స్‌ఫర్ అయిందంటే అయినట్టే కదమ్మా. యూనిట్లు ఇచ్చాక డిగ్రీకి లెక్కకి రాకపోవడమేంటి?

పద్మజ_కె
డిగ్రీకి 128 యూనిట్లు కావాలి. దాంట్లో మేజర్‌వి వేరే గదుల్లో, జీఈవి వేరే గదుల్లో. ఎలెక్టివ్‌గా వచ్చిన 20 యూనిట్లు ఒక్క మేజర్ గదినీ నింపవు. యూనిట్లున్నాయి, సంవత్సరం మాత్రం తగ్గలేదు. అదీ తేడా.

వెంకట్_టి
వీసా ఇంకా చెప్పలేదు.

కిట్టు_సీఎస్
ఎఫ్1. హైదరాబాద్‌లో బీటెక్ ఫస్ట్ ఇయర్ చేసి వచ్చా, మధ్యలో వదిలేసి. దానికీ దీనికీ సంబంధం లేదుగా? అందులో ఎం1 సప్లీ ఉంది, అప్లికేషన్‌లో పెట్టకుండా ఉంటే మేలనుకుంటున్నా.

వెంకట్_టి
పెట్టాలి. దాస్తే సీటిచ్చాక కూడా లాక్కుంటారు.

పద్మజ_కె
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిందండీ! ఇంటర్ తర్వాత చేరిన ప్రతి కాలేజీ చెప్పాలని కామన్ యాప్‌లోనే (అడ్మిషన్ దరఖాస్తు) ఉంటుంది, డిగ్రీ పూర్తిచేశారా లేదా అన్నది వాళ్లకి అనవసరం. సప్లీ కంటే దాన్ని దాచడమే ప్రమాదం. ఇంటర్ మెమోలు హైస్కూల్ కిందికి వెళ్తాయి, బీటెక్ ఫస్ట్ ఇయర్ కాలేజీ కిందికి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అయితే కాలేజీ ఇచ్చిన జిరాక్స్ మెమో చాలదు, యూనివర్సిటీ నుంచి అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. కూకట్‌పల్లిలో ఇంట్లోవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే కదపండి, జనవరిలో అడిగితే ఫిబ్రవరికి చేతికి రాదు. యూఎస్‌సీ ఫాల్ ట్రాన్స్‌ఫర్ గడువు ఫిబ్రవరి 15. కొన్ని కళా విభాగాలకి ఇంకా ముందే, మీకు అది పట్టదు. ఆ బీటెక్ క్రెడిట్లేమైనా ఇస్తే అవి కూడా 64లోనే కలుస్తాయి, అది గుర్తుంచుకోండి.

ఫిబ్రవరికి మీకు ఫాల్ క్వార్టర్ గ్రేడ్లే ఉంటాయి. వింటర్ గ్రేడ్లు మార్చి చివర్లో రాగానే వాళ్లు అడిగిన పోర్టల్‌లో పెట్టండి.

ఐ20_అన్న
ఎఫ్1 అన్నారు కాబట్టి. సీటొచ్చాక మీ కాలేజీ డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అడ్మిషన్ లెటర్ ఇచ్చి సెవిస్ (ప్రభుత్వం దగ్గరుండే విదేశీ విద్యార్థి రికార్డు) రిలీజ్ డేట్ పెట్టించుకోవాలి. ఆ తేదీ స్ప్రింగ్ క్వార్టర్ అయిపోయాక ఉండాలి. ఆ రోజు దాటాక రికార్డు కొత్త యూనివర్సిటీ చేతిలోకి వెళ్లిపోతుంది, పాతవాళ్లు ఏమీ చేయలేరు, క్యాంపస్ ఉద్యోగం ఉంటే అదీ అక్కడితో ఆగుతుంది. కొత్త క్లాసులు ఐదు నెలల లోపు మొదలవ్వాలి, మీది జూన్ నుంచి ఆగస్టు కాబట్టి ఇబ్బంది లేదు. సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. వీసా స్టాంపు మీద పాత కాలేజీ పేరున్నా, గడువుంటే కొత్త ఐ20తో (ఎఫ్1 విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం) తిరగొచ్చు.

అసలు తలనొప్పి డబ్బు చూపించడం. కొత్త ఐ20కి ఒక సంవత్సరం మొత్తం ఖర్చుకి ఆధారం మళ్లీ ఇవ్వాలి, అదీ ప్రైవేటు ఫీజు మీద. సీఏ ఇచ్చే ఆస్తుల సర్టిఫికెట్, పొలం విలువ, బంగారం పనిచేయవు. ఖాతాలో తీయగలిగే డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్, మంజూరైన లోను లెటర్, ఇవే. ఎఫ్1కి ఫ్యాఫ్సా (ప్రభుత్వ విద్యార్థి సాయానికి దరఖాస్తు) లేదు. యూఎస్‌సీ అంతర్జాతీయ విద్యార్థులకి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ఇవ్వదు, మెరిట్ స్కాలర్‌షిప్ ఒక్కటే.

శేషు గారు
అందుకే యూసీ అన్నాను.

వెంకట్_టి
యూసీలో కూడా ఎఫ్1కి నాన్‌రెసిడెంట్ ఫీజే సార్.

శేషు గారు
నాన్‌రెసిడెంట్ అయినా ప్రైవేటు కంటే తక్కువే కదా. లెక్క వేసి చూడండి.

కిట్టు_సీఎస్
అగ్రిమెంట్ దొరికిందండీ. బీటెక్ ట్రాన్స్‌క్రిప్ట్‌కి నాన్నకి చెప్పా. థాంక్స్ అందరికీ.

లావణ్య_ఆర్
మా చెల్లి హెచ్4 (డిపెండెంట్ వీసా), నర్సింగ్‌కి వెళ్దామంటోంది. ఈ యూనిట్ల లెక్క నర్సింగ్‌కీ ఇంతేనా?