నాన్న ఆడిన చివరి హాస్యం నలుగురిలో చెప్పవచ్చా?

ప్రశ్న: చిన్నకూతురు

నాన్న చనిపోయి నాలుగు నెలలైంది. ఇంటికి వచ్చినవాళ్ళు 'పోయారు', 'కన్నుమూశారు', 'మనమధ్య లేరు' అంటున్నారు. నేను మాత్రం 'చనిపోయారు' అనే అంటున్నాను. పట్టుబట్టి అంటున్నాను. ఇంకో మాట అంటే ఆయన ఏ ఊరో వెళ్ళినట్టు, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారన్నట్టు ఉంటుంది నాకు.

వచ్చే ఆదివారం ఆయనను ఎరిగినవాళ్ళంతా ఒకచోట కలుస్తున్నాం. ఇంటి తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను చెప్పాలనుకుంటున్న సంగతి ఒక్కటే ఉంది. అది చెప్పవచ్చా, చెప్పకూడదా అని అడగడానికే ఇక్కడికి వచ్చాను.

నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు. చివరి ఏడాదంతా ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే గడిపారు. మంచం పక్కన యంత్రం రాత్రింబవళ్ళు బుసకొడుతూ ఉండేది. రెండు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది. అందుకని మాటలను ఏరి ఏరి వాడేవారు. మూడు మాటల్లో తేలేదానికి నాలుగోది ఖర్చు పెట్టేవారు కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసి "ఎప్పుడు వస్తావు?" అన్నారు. నేను ఆఫీసులో ఏదో లెక్క తేలక తల పట్టుకుని కూర్చున్నాను. "చచ్చేంత పని ఉంది నాన్నా, సాయంత్రం వస్తాను" అన్నాను. కాసేపు అటునుంచి యంత్రం చప్పుడే వినిపించింది. తరవాత, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "చచ్చే పని నాది. నువ్వు తొందరగా రా" అన్నారు.

నాకు గొంతు పట్టేసింది. ఆ వెంటనే నవ్వు వచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగేసరికి అమ్మ వచ్చి ఫోను లాక్కుంది. లెక్కను అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం మొదటిసారి మేమిద్దరం ఆయన చావు గురించి మాట్లాడుకున్నాం. వెంటిలేటర్ పెట్టించవద్దన్నారు. బ్యాంకు కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో చెప్పారు. అమ్మ రాత్రిపూట ఒంటరిగా పడుకోలేదు, చూసుకోమన్నారు. 'చచ్చేంత ఆకలి', 'చచ్చీ చెడీ పూర్తి చేశాను', 'బస్సు కోసం నిలబడి చచ్చాం' అని రోజుకు పదిసార్లు అనుకునే మా ఇంట్లో, అంతకుముందు ఏడాది పొడుగునా ఆయన చావు మాట ఎవరి నోటా రాలేదు. ఎవరైనా ఎత్తబోతే "అపశకునం మాటలు వద్దు" అని మిగతావాళ్ళు నోరు మూయించేవాళ్ళు. అలా మూయించినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. తొమ్మిది రోజులకు ఆయన చనిపోయారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నాన్న ఫోనులో రాత్రి ఎనిమిది గంటలకు అలారం ఉంది: 'మందులు'. తాళం తీసే గీత మాలో ఎవరికీ తెలియదు కాబట్టి అలారాన్ని శాశ్వతంగా తీసేయలేకపోయాం. ఫోనును ఆపేయడానికి అమ్మకు మనసు రాలేదు. రోజూ ఛార్జింగ్ పెడుతుంది, రోజూ ఎనిమిదింటికి అది మోగుతుంది. నెల కిందట ఒక రాత్రి అది మోగగానే అమ్మ నాన్న ఫోటో వైపు తిరిగి, నలభై ఏళ్ళ అలవాటు గొంతుతో, "వినపడటం లేదా? ఎన్నిసార్లు పిలిపించుకుంటారు?" అంది. నేను, అమ్మ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వాం. నవ్వీ నవ్వీ ఏడ్చాం. సరిగ్గా అప్పుడే పెదనాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఈ ఇంట్లో నవ్వులా?" అన్నారు, అంతే. చెప్పులు కూడా విడవకుండా వెనక్కి వెళ్ళిపోయారు.

ఆయన మీద నాకు కోపం లేదు. చనిపోయింది ఆయన తమ్ముడు. కానీ ఆదివారం నేను ఆ 'చచ్చే పని' మాట చెబితే ఆయన ముందు వరుసలో కూర్చుని వింటారు. చెప్పకుండా 'మా నాన్న చాలా మంచివారు' అని నాలుగు పొడి మాటలు చెప్పి దిగిపోతే, అది మా నాన్న గురించి చెప్పినట్టే కాదు.

మా ఆరేళ్ళ బాబుకు 'తాతయ్య నిద్రపోయారు' అని ఎవరో చెప్పారు. అప్పటినుంచి వాడు రాత్రి పడుకోనని ఏడుస్తున్నాడు. దీనికి ఏం చేయాలో కూడా చెప్పండి.

జవాబు: రాత్రి డ్యూటీ

చిన్నకూతురు గారూ, నేను పదహారేళ్ళుగా పాలియేటివ్ కేర్ వార్డులో, అంటే నయం కాని జబ్బులతో ఉన్నవారి బాధ తగ్గించే వార్డులో, నర్సుగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారు ఫోనులో చేసిన పని నేను ఈ వార్డులో ఎన్నోసార్లు చూశాను. రోగి తన చావు మీద ఒక చిన్న హాస్యం ఆడి మన ముఖం వైపు చూస్తారు. తట్టుకోగలమా లేదా అని కొలుస్తారు. "అయ్యో, అలా అనకండి, మీకేమీ కాదు" అన్నామంటే అక్కడితో సరి, మళ్ళీ ఆ మాట ఎత్తరు. మనల్ని కాపాడటానికి తమ భయాన్ని తామే మింగేస్తారు. మీరు నవ్వారు. అందుకే ఆ సాయంత్రం సొరుగు గురించి, వెంటిలేటర్ గురించి, అమ్మగారి గురించి చెప్పగలిగారు. ఆ నవ్వు లేకపోతే ఆ తొమ్మిది రోజులు వేరుగా గడిచేవి.

మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేవారు, బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే నేను తెర తీసి "ఎలా ఉన్నారమ్మా?" అంటే "హాజరు!" అనేవారు, పిల్లలు పలికినట్టు. ఆమె అలా అనడం మొదలుపెట్టాకే నేనూ "ఆలస్యంగా పలికితే బెంచీ ఎక్కిస్తాను" అనేదాన్ని. చివరి రోజు పొద్దున మాట రాలేదు. నేను అడగలేదు కూడా. తెర తీయగానే దుప్పటి మీద చూపుడువేలు కొంచెం పైకి లేపారు. ఆ వేలు పట్టుకుని "హాజరు వేశానమ్మా" అన్నాను. నవ్వు ముందు మంచం మీద ఉన్నవారి నుంచి రావాలి, మనం అందుకోవాలి. మా దగ్గర ఉన్న పద్ధతి ఇదొక్కటే.

బాధలో నవ్వడం తప్పేమో అని మీకు ఎక్కడో గుచ్చుకుంటోంది కదా. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. జీవిత భాగస్వామి చనిపోయి సుమారు ఆరు నెలలైన వారిని కూర్చోబెట్టి, చనిపోయినవారి గురించి మాట్లాడించి, ముఖాలను నిశితంగా గమనించారు. కళ్ళదాకా వచ్చే నిజమైన నవ్వు నవ్వినవారిలో కోపం తక్కువగా కనిపించింది, చుట్టూ ఉన్నవారితో సంబంధాలు మెరుగ్గా కనిపించాయి. నవ్వడం వల్లే అలా అయిందని ఆ పరిశోధన చెప్పదు. నవ్వినవారికి ప్రేమ తక్కువ అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

దుఃఖానికి అయిదు మెట్లుంటాయని, వాటిని వరసగా ఎక్కాలని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ అయిదు దశలు చెప్పింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. తరవాత జనం దాన్ని వెనక మిగిలినవారి దుఃఖానికి కొలబద్దలా వాడుకున్నారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే దుఃఖ పరిశోధకులు 1999లో చెప్పింది నాకు వార్డు బయట బెంచీ మీద రోజూ కనిపిస్తుంది: మనిషి కాసేపు పోగొట్టుకున్నదాని వైపు, కాసేపు నడవాల్సిన బతుకు వైపు, ఉయ్యాలలా ఊగుతూ ఉంటాడు. మీ అమ్మగారు ఫోటోను కసరడం, నవ్వడం, ఏడవడం అన్నీ ఒకే నిమిషంలో జరిగాయి. అది ఆరోగ్యమైన దుఃఖం.

అమ్మగారిని ఒక కంట కనిపెట్టి ఉండండి. ఆరు నెలలు దాటాక కూడా రోజంతా అదే ధ్యాసగా ఉండి, లేచి పని చేసుకోలేని స్థితి ఉంటే వైద్యులకు చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో దీర్ఘకాలపు దుఃఖాన్ని విడిగా గుర్తించారు, సాయం దొరుకుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఆమె అలా లేరు. ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకోనివ్వండి.

ఆదివారం ఆ మాట చెప్పండి.

జవాబు: మూడేళ్ళ తరవాత

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నా భార్య చనిపోయి మూడేళ్ళు. మూడో వారంలో ఒక స్నేహితుడు భుజం తట్టి, "ఇక నిన్ను అడిగేవారే లేరు, రాజావి" అన్నాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు, మనసులో చెడు లేదు. కానీ ఆ మాట ఈ రోజుకీ నా చెవిలో ముల్లులా ఉంది. అదే మాట నేను అనుకుని ఉంటే బహుశా నవ్వేవాణ్ణి. చావు మీద హాస్యం ఎవరి నోటి నుంచి, ఎప్పుడు వచ్చిందన్నదే అంతా.

'చచ్చే పని నాది' మీ నాన్నగారి మాట, ఆయన నోట వచ్చింది. చెప్పే హక్కు మీకు ఉంది. అయితే మీ పెదనాన్నగారు దాన్ని మొదటిసారి నలుగురి మధ్య కూర్చుని వినకూడదు. అందరూ నవ్వుతుంటే ఆయన ఒక్కరూ ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ముందే వెళ్ళి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి.

నేను కొంతకాలం, చావు గురించి మాట్లాడుకునే 'డెత్ కెఫే' అనే సమావేశాలకు వెళ్ళాను. స్విట్జర్లాండ్‌లో బెర్నార్ క్రెటాజ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2004లో మొదలుపెట్టిన కూటముల స్ఫూర్తితో, జాన్ అండర్‌వుడ్ 2011లో లండన్‌లో తన ఇంట్లో మొదటి డెత్ కెఫే ఏర్పాటు చేశాడు. 2017లో, 44 ఏళ్ళకే, ఆయన హఠాత్తుగా చనిపోయాడు. ఆయన తల్లి, సోదరి ఆ పని కొనసాగించారు. ఆ కూటముల్లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: మాట్లాడుకోవడమే పని, ఎవరినీ ఏ అభిప్రాయం వైపూ నెట్టకూడదు. నేను మొదటిసారి రెండు గంటలు కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడమనలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు నా భార్య పేరు చెప్పాను. మీ పెదనాన్నగారికి కూడా ఆ వెసులుబాటు ఇవ్వండి.

జవాబు: ఒకటో తరగతి టీచరు

బాబు గురించి మాత్రం చెబుతాను. 'నిద్రపోయారు' అన్న మాటను ఈ రోజే వెనక్కి తీసుకోండి. "తాతయ్య నిద్రపోలేదు, చనిపోయారు. చనిపోవడమంటే ఒళ్ళు పనిచేయడం ఆగిపోవడం. ఊపిరి తీసుకోరు, నొప్పి ఉండదు, మళ్ళీ లేవరు. నిద్ర వేరు. నువ్వు రోజూ నిద్రపోయి రోజూ లేస్తున్నావు" అని నేరుగా చెప్పండి. చావు తిరిగిరానిదని, అందరికీ వస్తుందని పిల్లలు మెల్లగా గ్రహించే వయసు ఇది. కాబట్టి "నువ్వూ చనిపోతావా?" అని అడుగుతాడు. "చాలా ఏళ్ళు నీతో ఉంటాననే అనుకుంటున్నాను" అనండి, ఎప్పటికీ చనిపోనని మాత్రం అనకండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పండి.

అయిదు నిమిషాలు ఏడ్చి ఆరో నిమిషంలో బంతి పట్టుకుని బయటికి పరుగెత్తితే ఆశ్చర్యపోవద్దు. పిల్లలు దుఃఖంలోకి వాన గుంటలోకి దూకినట్టు దూకుతారు, అంతే వేగంగా బయటికి వస్తారు, మళ్ళీ దూకుతారు. తాతయ్య ఆడిన హాస్యాలు వాడికి కూడా చెప్పండి. వాడికి తాతయ్యవి ఇంకా చాలా కావాలి.

చిన్నకూతురు (మళ్ళీ)

అందరికీ నమస్కారం. బాబుకు చెప్పాను. "మరి తాతయ్యకు చీకట్లో భయం వేయదా?" అన్నాడు. వేయదన్నాను. "నాకు వేస్తుంది" అన్నాడు. దీపం ఉంచి పక్కన పడుకున్నాను. నిద్రపోయాడు. నేనే చాలాసేపు మేలుకుని ఉన్నాను.

నిన్న సాయంత్రం పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఫోనులో జరిగిన సంభాషణ మొత్తం, మధ్యలో యంత్రం చప్పుడుతో సహా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "ఏ గొంతుతో అన్నాడు?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "నన్ను ఏడిపించేటప్పుడు వాడి గొంతు సన్నగా అయ్యేది. ఆ గొంతుతో అన్నాడా, మామూలుగా అన్నాడా?" అన్నారు.

సన్నగా అయిన గొంతుతోనే అన్నారు. అలాగే అని చూపించాను. నాకు చేతనైనంత.

పెదనాన్న తల ఊపారు. "ఆదివారం చెప్పు. నేను నవ్వలేకపోతే ఏమీ అనుకోకు" అన్నారు. తలుపు దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ పిలిచారు. ఆ అలారం ఇంకా ఎనిమిదింటికే మోగుతోందా అని అడిగారు.