ఇంటి కాడ్నించి లాగిన్ అయితే గిట్ పుష్ అవట్లా, ఆఫీసులో మాత్రం అవుతుండాది

కావలి_కుర్రోడు:
ఆఫీసు లైనక్స్ మెషీన్ చెన్నైలో ఉండాది, నేను కావలిలో ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి వేరే మెషీన్‌లోకి పోయే దారి) లాగిన్ అయి పని చేస్తుండా. ఆఫీసుకి పోయి దాని ముందర కూర్చుంటే పుష్ (రాసిన కోడ్‌ని గిట్‌హబ్‌కి పంపేది) ఇట్టే అయిపోతాది, ఇంటి నుంచి కొడితే పాస్‌వర్డ్ అడగతాది, గిట్‌హబ్ పాస్‌వర్డ్ కరెక్టుగానే కొట్టినా ఆథెంటికేషన్ ఫెయిల్డ్. నిన్న రాత్రి పన్నెండు దాకా ఇదే పని. టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే ప్రోగ్రామ్) ఉంటా ఎప్పుడూ, దాని వల్లేమో తెలీదు. రిపో (కోడ్ ఉండే ఫోల్డర్) హెచ్‌టీటీపీఎస్ లింకుతో క్లోన్ చేసింది (దించుకున్నది).

ఒంగోలు_గిత్త:
పాస్‌వర్డ్ ఏంది తమ్ముడూ, 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పుష్‌కీ పుల్‌కీ పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే పొడుగాటి కోడ్) తయారు చేసుకుని పాస్‌వర్డ్ అడిగిన కాడ అది పేస్ట్ చెయ్. తర్వాత గిట్ దాన్ని గుర్తుపెట్టుకునేట్టు క్రెడెన్షియల్ హెల్పర్ స్టోర్ అని పెట్టుకో, నాకు మూడేళ్ల నుంచి ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు.

పెన్నా_గట్టు:
స్టోర్ పెట్టుకోమని ఎవరికీ చెప్పబాకండి. టోకెన్ ఉన్నదున్నట్టు హోమ్‌లో మామూలు ఫైల్లో పడుంటాది. నా పాత కంపెనీలో ఒకే సర్వరు పదిమందిమి వాడేవాళ్లం, ఎవరో బ్యాకప్ తీస్తే నా హోమ్ మొత్తం అందరికీ కనపడే ఫోల్డర్‌లోకి పోయింది, నా టోకెన్‌తో నేను చెయ్యని పుష్ ఒకటి మెయిన్ బ్రాంచ్‌లో పడింది. నేను కాదని నమ్మించేదానికి రెండు వారాలు పట్టింది.

ఒంగోలు_గిత్త:
ఆ ఫైలు పర్మిషన్ 600, ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు. బ్యాకప్ తీసినోడు పర్మిషన్లు పోగొడితే స్టోర్ ఏం చేసిద్ది?

పెన్నా_గట్టు:
రూట్ (మెషీన్ మొత్తం మీద అధికారం) ఉన్నోడికి 600 అడ్డమా? ఆ మెషీన్‌కి రూట్ ఎంతమందికుందో అబ్బాయికి తెలుసా?

ఒంగోలు_గిత్త:
రూట్‌నే నమ్మకపోతే ఆ మెషీన్లో కోడ్ ఎందుకు రాస్తున్నట్టు, నీకు జరిగిందని ఊరందర్నీ భయపెడితే ఎట్టా

సూళ్లూరుపేట_అడ్మిన్:
పద్దెనిమిదేళ్లుగా సర్వర్లు చూస్తుండా, ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఆఫీసులో స్క్రీన్ మీద లాగిన్ అయినప్పుడు ఆ పాస్‌వర్డ్‌తోనే కీరింగ్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) తెరుచుకుంటాది, టోకెన్ దాంట్లో దాచుంటే లిబ్‌సీక్రెట్ హెల్పర్ తీసి గిట్‌కిస్తాది. ఎస్‌ఎస్‌హెచ్‌లో వస్తే డెస్క్‌టాప్ సెషన్ లేదు, కీరింగ్ తాళం పడే ఉంటాది, అందుకని నిన్ను అడగతాది. మ్యాక్‌లో కీచెయిన్‌దీ ఇదే కథ. రిమోట్ యూఆర్‌ఎల్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌కి మార్చు, లాప్‌టాప్‌లో ఈడీ25519 రకం కీ జత చేసి పబ్లిక్ సగం గిట్‌హబ్‌లో పెట్టు, ఏజెంట్ ఫార్వర్డింగ్‌తో (లాప్‌టాప్‌లో కీ పట్టుకుని ఉండే ఏజెంట్‌ని ఆఫీసు మెషీన్ కూడా అడిగేట్టు చేసేది) లాగిన్ అవ్వు. కీ లాప్‌టాప్ దాటి బయటికి పోదు.

పెన్నా_గట్టు:
కీ పోదు నిజమే, కానీ నువ్వు కనెక్ట్ అయి ఉన్నంతసేపు అక్కడ రూట్ ఉన్నోడు నీ ఏజెంట్ సాకెట్ (ఏజెంట్‌తో మాట్లాడే దారి) వాడి నీ పేరుతో గిట్‌హబ్‌లోకి పోగలడు. అది కూడా చెప్పాలి గదా సార్.

సూళ్లూరుపేట_అడ్మిన్:
నాకు చెప్తుండావా? ఏజెంట్‌కి కీ ఎక్కించే కమాండ్ ఎస్‌ఎస్‌హెచ్ యాడ్‌కి చిన్న సీ (-c) ఇచ్చి కీ ఎక్కిస్తే వాడిన ప్రతిసారీ లాప్‌టాప్‌లో అడగతాది. ఫార్వర్డింగ్ ఆ ఒక్క హోస్ట్‌కే పెట్టుకోవాల, అన్నిటికీ కాదు. ఇది తెలిసే చెప్పినా.

కందుకూరు_అక్క:
కొట్లాట ఆపండయ్యా, రిలీజు పెట్టుకున్న పిల్లోడు ఎదురు చూస్తున్నాడు. కీలూ ఏజెంట్లూ కుదరనోళ్లు క్యాష్ హెల్పర్ పెట్టుకోండి, టోకెన్ మెమరీలోనే ఉంటది, మామూలుగా 900 సెకన్లు, నేను 8 గంటలకి పెంచుకున్నా. మా హాస్టల్ వైఫైలో ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే పోర్ట్ 22 మూసేస్తే ఎస్‌ఎస్‌హెచ్ డాట్ గిట్‌హబ్ డాట్ కామ్‌కి 443 మీద పోయేదాన్ని, అదీ పనిచేసిద్ది.

ఉదయగిరి_నెట్:
మాకు గాలొస్తే నెట్టే ఉండదక్కా, పోర్టు దాకా ఎక్కడ. 2023 మార్చిలో గిట్‌హబ్ ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీ (సర్వరు అసలైనదే అని చూపే కీ) మార్చినప్పుడు పెద్ద వార్నింగ్ వస్తే నేను ఎవడో హ్యాక్ చేశాడని లాప్‌టాప్ ఆపేసి కూర్చున్నా. నోన్ హోస్ట్స్‌లో (నమ్మిన సర్వర్ల కీలుండే ఫైలు) పాత లైను తీసేసి, కొత్త ఫింగర్‌ప్రింట్‌ని వాళ్ల పేజీలో దాంతో సరిపోల్చుకుని తీసుకున్నాక తగ్గింది.

కావలి_కుర్రోడు:
అడ్మిన్ అన్నా, నువ్వు చెప్పినట్టే చేసినా, పుష్ అయింది, నీ పుణ్యం! కానీ మధ్యలో కరెంటు పోయి రూటర్ ఆగింది, మళ్లీ లాగిన్ అయి టీమక్స్‌కి అటాచ్ అయితే పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ అంటాది. టీమక్స్ గురించి మొదట్నించీ అడగతానే ఉండా, ఒక్కరూ చెప్పలా.

పెన్నా_గట్టు:
టీమక్స్ పాత పేన్‌లో (స్క్రీన్ ముక్కలో) ఏజెంట్ సాకెట్ ఎక్కడుందో చెప్పే ఎస్‌ఎస్‌హెచ్ ఆథ్ సాక్ అనే వేరియబుల్ చచ్చిపోయిన సాకెట్‌నే చూపిస్తుంటాది. అటాచ్ అయినాక టీమక్స్‌లో కొత్త విండో తెరువు, దాంట్లో కొత్త విలువ వస్తాది. పాత పేన్లే కావాలంటే సాకెట్‌కి ఒక స్థిరమైన సిమ్‌లింక్ (వేరే ఫైలుని చూపించే లింకు) పెట్టి, వేరియబుల్‌ని దానికి కట్టు, లాగిన్ అయినప్పుడల్లా లింకు మారేట్టు చేసుకో.

కావలి_కుర్రోడు:
కొత్త విండోలో అయింది బా! లింకు సంగతి రిలీజ్ అయినాక చూస్తా. ఆఫీసు మెషీన్‌కి రూట్ ఎవరెవరికుందో రేపు అడగతా.